ఆరో తరగతికి ఏ సర్కారు బడి? మేం తిరిగి చూసినవి

“సర్కారు బడులన్నీ ఒకటే, అందులో మళ్లీ ఎంచుకునేదేముంది” అని మా అత్తమ్మ అన్నది, మా ఆయన అన్నాడు, చివరికి మా పాప ఐదో తరగతి టీచర్ కూడా కొంచెం మర్యాదగా అదే మాట అన్నారు. ఒకే సిలబస్, ఒకే పుస్తకాలు, ఒకే యూనిఫాం, అదే మధ్యాహ్న భోజనం, జీతాలిచ్చేది ఒకే సర్కారు, ఇంక తేడా ఎక్కడ్నుంచి వస్తుంది అని వాళ్ల లెక్క. కానీ వస్తుంది. కిలోమీటరు దూరం కూడా లేని రెండు హైస్కూళ్ల ఆరో తరగతి పిల్లల లెక్కల నోట్‌బుక్కులు పక్కపక్కన పెట్టి చూడండి, ఇవి రెండూ ఒకటే అని ఎవరూ అనరు. 2025లో మా పాప కోసం తిరిగినప్పుడు చూసినవి, అడిగినవి రాస్తున్నా. బడుల పేర్లు మాత్రం రాయను. ఇద్దరు టీచర్లు బదిలీ అయితే బడి తీరే మారిపోతుంది, నేను చూసిన ఒక్క ఏడాది సంగతి పట్టుకుని ఎవరైనా ఒక బడిని పక్కన పెట్టేస్తే అది న్యాయం కాదు.

మా ఇల్లు హైదరాబాద్‌లో రామ్‌నగర్ గుండు దగ్గర. మా ఆయన క్యాబ్ నడుపుతాడు, నేను విద్యానగర్‌లో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో బిల్లింగ్ కౌంటర్‌లో కూర్చుంటా. పాప ఒకటి నుంచి ఐదు దాకా ఇంటి దగ్గరి సర్కారు ప్రైమరీ స్కూల్లోనే చదివింది. ప్రైమరీ ఐదు దాకానే, ఆరు నుంచి పది హైస్కూలు. మధ్యలో ఏడు దాకా ఉండే అప్పర్ ప్రైమరీలు కూడా ఉంటాయి గానీ రెండేళ్లకే మళ్లీ మారాలి కాబట్టి వాటి జోలికి మేం పోలేదు. మా దగ్గర జరిగేది ఏంటంటే, ఐదు అయిపోగానే ప్రైమరీ హెచ్‌ఎం పిల్లలందరి టీసీలూ ఒకేసారి రాసి దగ్గర్లోని హైస్కూల్‌కి అప్పజెప్పేస్తారు, జూన్‌లో మనం పిల్లను పంపిస్తే చాలు. నిజానికి మంచి ఏర్పాటే. ఇట్లా చేయకపోతే ఐదుతో బడి మానేసే పిల్లలు, అందులో ఆడపిల్లలు, ఇంకా ఎక్కువే ఉంటారు. కాకపోతే వేరే బడి కూడా చూసుకోవచ్చమ్మా అని మాత్రం ఎవరూ చెప్పరు.

అత్తమ్మకు ఇప్పుడైనా ప్రైవేట్‌లో వేయాలని ఉండింది. మా ఆడపడుచు కొడుకు ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్ అని ఏదో చదువుతున్నాడు, ఆ బ్యాగును రోజూ బస్సు దాకా మోసేది మాత్రం వాళ్ల నాన్నే. ఫీజులు అడిగి వచ్చాం, అడ్మిషన్ ఫీజు, పుస్తకాలు, వ్యాన్ అన్నీ కలుపుకుంటే మా ఇంటి కిరాయి దాటిపోతోంది, అక్కడితో ఆ మాట అయిపోయింది. గురుకులాల ఎంట్రన్స్ అసలు ఐదో తరగతిలో చేరడానికి పెడతారు, ఆరుకి ఖాళీగా మిగిలిన సీట్లే ఉంటాయి, పైగా హాస్టల్ అంటే పాప ముందే ముఖం ముడుచుకుంది. కేంద్రీయ విద్యాలయంలో ఎక్కువగా చేర్చుకునేది ఒకటో తరగతికే, పై తరగతులకు ఖాళీ ఉంటేనే. నవోదయ హైదరాబాద్ జిల్లాలో లేనే లేదు. అంటే ఇంటి చుట్టూ ఉన్న సర్కారు హైస్కూళ్లే. సరే, వాటిలోనే మంచిది ఏదో చూద్దాం అని మొదలుపెట్టా. మా ఆయన “నీకు పనేం లేదా” అన్నాడు గానీ బండి మీద దింపింది ఆయనే.

మొదట ఇంట్లో కూర్చుని చేసిన పని దేశంలోని బడుల లెక్కలన్నీ ఉండే సర్కారు యూడైస్ ప్లస్ వెబ్‌సైట్ చూడటం. ప్రతి బడికీ 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది, అందులో ‘నో యువర్ స్కూల్’ దగ్గర వెతికితే ఆ బడి రిపోర్ట్ కార్డు వస్తుంది. ఏ తరగతిలో ఎంతమంది, టీచర్లు ఎంతమంది, గదులెన్ని, టాయిలెట్లు ఎన్ని, వాటిలో పనిచేసేవి ఎన్ని, లైబ్రరీ ఉందా, కంప్యూటర్లు ఉన్నాయా, అన్నీ రాసి ఉంటాయి. రాత్రి వంట అయ్యాక ఫోన్‌లో చూసి పాప పాత నోట్‌బుక్ వెనక పేజీల్లో ఒక్కో బడి లెక్కలు రాసుకున్నా. వాటిలో నాకు పనికొచ్చినవి రెండే. ఆరు నుంచి పది వరకు పిల్లల సంఖ్య ఎట్లా నడుస్తోంది అనేది ఒకటి. ఆరులో బాగా ఉండి ఎనిమిది, తొమ్మిదికి వచ్చేసరికి సగానికి పడిపోతే, వాళ్లంతా ఎందుకు పోతున్నారో అడగాల్సిందే. రెండోది, పిల్లలను టీచర్లతో భాగిస్తే వచ్చే అంకె. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది వరకు 35 మందికి ఒక టీచర్ ఉండాలి.

అసలు సంగతి మాత్రం ఆ కార్డులో దొరకదు. టీచర్లు 12 మంది అని ఉంటుంది, ఏ సబ్జెక్టుకు ఉన్నారో, ఏ సబ్జెక్టుకు లేరో ఉండదు. ఆ 12లో ఒకరు సర్దుబాటు మీద వేరే బడికి పోయి ఉండొచ్చు, ఇంకొకరు లాంగ్ లీవ్‌లో ఉండొచ్చు. ఏడాదికోసారి బడివాళ్లే నింపే లెక్కలు అవి. అందుకే పోయి చూడాల్సిందే అనుకున్నా.

ఎప్పుడు పోవాలి అన్నది కూడా ముఖ్యం. చాలామంది జూన్‌లో, బడి తెరిచాక పోతారు. అప్పుడు పుస్తకాలు పంచుతుంటారు, టైంటేబుల్ పడి ఉండదు, టీచర్లు పిల్లలను బడిలో చేర్పించే బడిబాట అని వీధుల్లో తిరుగుతుంటారు, ఆ హడావిడిలో ఏ బడి చూసినా ఒకేలా కనపడుతుంది. నేను ఫిబ్రవరిలోనే పోయా. ఆ ఏడు మార్చి 15 నుంచి ఒంటిపూట బడులు మొదలయ్యాయి, 21 నుంచి పదో తరగతి పరీక్షలు, సెంటర్ పడిన హైస్కూళ్లలో మిగతా పిల్లలకు క్లాసులు మధ్యాహ్నానికి మారిపోయాయి, ఏప్రిల్ 23తో బడి బంద్. ఫిబ్రవరి దాటితే మామూలు రోజు ఎట్లా ఉంటుందో చూడటానికి కుదరదు. ఇంకో మాట, మధ్యాహ్నం భోజనం బెల్లుకు కొంచెం ముందు పోతే బాగుంటుంది. చివరి పీరియడ్ ఎట్లా నడుస్తోందో చూడొచ్చు, తిండి చూడొచ్చు, టాయిలెట్ల దగ్గర ఎంత లైను ఉందో చూడొచ్చు, హెచ్‌ఎంకు కూడా మాట్లాడే తీరిక దొరుకుతుంది.

ముందు చూసింది మా ప్రైమరీని ఆనుకుని ఉన్న హైస్కూలు, అదే టీసీలు పోయే బడి. దీని గురించి చెడు చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, మంచి చెప్పడానికీ అంతే. నడిచి పోయే దూరం, పాప స్నేహితులంతా అక్కడికే. హెచ్‌ఎం పోస్టు ఖాళీ, ఒక సీనియర్ సార్ ఇన్‌ఛార్జిగా చేస్తున్నారు, ఆయన పాపం ఒక చేత్తో ఏదో ఆన్‌లైన్ యాప్‌లో హాజరు నింపుతూ ఇంకో చేత్తో నాకు కుర్చీ చూపించారు. ఆరో తరగతికి లెక్కలు ఎవరు చెప్తారు అంటే “ఫిజిక్స్ సార్ చూసుకుంటున్నడమ్మా” అన్నారు. సైన్స్ ఎవరు అంటే మళ్లీ ఆ సారే. అంటే లెక్కల పోస్టు ఖాళీ, ఉన్న ఒక్క సార్ ఆరు నుంచి పది దాకా రెండు సబ్జెక్టులు మోస్తున్నాడు. చట్టంలో సైన్స్, లెక్కలకు కలిపి ఒక టీచర్ ఉన్నా సరిపోతుందని రాసుంది కాబట్టి కాగితం మీద ఇది తప్పేం కాదు. ఐదు తరగతులకు ఒకే మనిషి అంటే పిల్లలకు ఏం అందుతుందో మనమే ఊహించుకోవాలి.

తర్వాత మెయిన్ రోడ్డు మీదున్న పెద్ద బడి. మా వీధిలో అందరూ మెచ్చుకునేది ఇదే. కొత్త రంగులు, గేటు మీద ఫ్లెక్సీ, అందులో 10కి 10 జీపీఏ వచ్చిన పిల్లల ఫోటోలు, పెద్ద తరగతుల గదుల్లో డిజిటల్ ప్యానెళ్లు. నాతో వచ్చిన మా ఆయన గేటు దగ్గరే “ఇంకేంటి, ఇదే ఫిక్స్” అన్నాడు. హెచ్‌ఎం మేడమ్ బాగా మాట్లాడారు, చాలాసేపు మాట్లాడారు, కానీ మాట్లాడిందంతా పదో తరగతి గురించే. పొద్దున స్పెషల్ క్లాసులు, సాయంత్రం స్టడీ అవర్, వెనకబడిన పిల్లలను టీచర్లు దత్తత తీసుకోవడం. ఆరో తరగతి గురించి అడిగితే “చిన్న క్లాసులే కదమ్మా, అవి ఎట్లాగూ నడుస్తయి” అన్నారు. ఆ ‘ఎట్లాగూ’ నాకు నచ్చలేదు.

సాయంత్రం మా వీధిలో ఆ బడికి పోయే పిల్లను పిలిచి, బిస్కెట్ ప్యాకెట్ చేతిలో పెట్టి, నోట్‌బుక్కులు చూపించమన్నా. తేడా కనిపెట్టాలంటే నాకు తెలిసినంతలో ఇంతకు మించిన దారి లేదు. లెక్కల నోట్‌బుక్‌లో జూలై, ఆగస్టుల్లో ప్రతి పేజీ కింద ఎర్ర సిరాతో సంతకం, తేదీ ఉన్నాయి. నవంబర్ తర్వాత తేదీలు లేవు, ఒట్టి టిక్కులు. భిన్నాల చాప్టర్‌లో ఆ పిల్ల 2/3 + 1/4 = 3/7 అని రాసింది. పైవి పైవి కూడేసింది, కిందివి కిందివి కూడేసింది. దాని మీద కూడా టిక్కు! సంక్రాంతి తర్వాత ఆ టిక్కులు కూడా లేవు. “లెక్కల సార్ టెన్త్‌కే పోతున్నడు ఆంటీ, మాకు ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు వస్తరు” అని చెప్పింది. ఆ సార్‌ను నేను తప్పు పట్టను. బడికి పేరొచ్చేది పదో తరగతి రిజల్ట్‌తోనే, పైనుంచి అడిగేది కూడా అదే, ఆయనకున్నది రెండు చేతులే. ఆ ఫ్లెక్సీ చూసి ఆరో తరగతిలో పిల్లను వేస్తే మాత్రం, ఆ ఫ్లెక్సీ కోసం ఖర్చయ్యేది మన పిల్ల పీరియడ్లే. ఇది ఈ ఒక్క బడి గొడవే అని కూడా నేననుకోను. పదో తరగతి శాతం చూసి హైస్కూలు ఎంచుకోవద్దని అప్పటినుంచి అడిగినవాళ్లకల్లా చెప్తున్నా.

మూడోది ముషీరాబాద్ వైపు లోపలి గల్లీలో, ఒకే బిల్డింగ్‌కు రెండు బోర్డులు. ఒకటి తెలుగు, ఇంగ్లిష్ మీడియం బడి, ఇంకోటి ఉర్దూ మీడియం బడి, ఇద్దరు హెచ్‌ఎంలు, రెండు హాజరు పట్టీలు, ఒకటే బోరింగు. ఉర్దూ మీడియం వైపు పిల్లలు బాగానే ఉన్నారు, ఇటువైపు ఆరో తరగతి గదిలో మూడు బెంచీలు నిండలేదు. విచిత్రం ఏంటంటే ఇక్కడ అన్ని సబ్జెక్టులకూ టీచర్లు ఉన్నారు, ప్రతి నోట్‌బుక్కూ కరెక్ట్ చేసి ఉంది, టీచర్‌కు ప్రతి పిల్ల ఇంటి సంగతి కూడా తెలుసు. ట్యూషన్ పెట్టుకున్నా అంత దగ్గరగా చూడరు. హెచ్‌ఎం సార్ మాత్రం దాచకుండా చెప్పారు, “పిల్లలు తగ్గితే పోస్టులు కూడా పోతయమ్మా, రేషనలైజేషన్ అంటరు, వచ్చే ఏడు ఇంతమంది టీచర్లు ఉంటరని నేను మాటియ్యలేను” అని. పిల్లలు లేరని టీచర్లు పోవడం, టీచర్లు లేరని పిల్లలు పోవడం, ఏది ముందో ఎవరూ చెప్పలేరు. ఒక రాత్రంతా ఈ బడి గురించే ఆలోచించా. చివరికి పాపే తేల్చింది. “అంతమందితో కబడ్డీ టీం కూడా కాదమ్మా” అన్నది. నాకది చిన్న మాటగా అనిపించలేదు, పదకొండేళ్ల పిల్లకు బడి అంటే సగం స్నేహితులే.

చివరిది నల్లకుంట దాటాక ఒక గర్ల్స్ హైస్కూలు. దూరం అని మొదట్లో లిస్టులోనే పెట్టలేదు. మా సెంటర్‌లో బ్లడ్ శాంపిల్స్ తీసే అక్క కూతురు అక్కడ ఎనిమిది చదువుతోంది, “ఒక్కసారి చూసి రా, తర్వాత నీ ఇష్టం” అని ఆమే పోరుపెట్టింది. బిల్డింగ్ పాతది, గోడలకు పెచ్చులూడుతున్నాయి, వానొస్తే కారే గది ఒకటుందని వాళ్లే చెప్పారు. ఆరో తరగతి సెక్షన్‌లో పిల్లలు 35 కంటే చాలా ఎక్కువ, బెంచీకి నలుగురు. గేటు దగ్గరే చూసి వెనక్కి తిరిగితే ఈ బడికి మేం వచ్చేవాళ్లమే కాదు.

లెక్కల మేడమ్ స్టాఫ్‌రూంలో నోట్‌బుక్కుల గుట్ట ముందు పెట్టుకుని దిద్దుతున్నారు. ఆరో తరగతివి చూడొచ్చా అని అడిగితే పైనున్నది తీసి ఇచ్చేశారు. అదే భిన్నాల చాప్టర్, అదే తప్పు, అక్కడి పిల్ల కూడా పైవి పైవి, కిందివి కిందివి కూడింది. దాని చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, పక్కన మేడమ్ ఒక పట్టీ గీసి 12 గళ్లు చేశారు. 8 గళ్లకు ఒక రకం గీతలు, 3 గళ్లకు ఇంకో రకం, కింద “ఎన్ని గళ్లు నిండాయి?” అని ప్రశ్న. ఆ పిల్ల కింద 11/12 అని రాసి మళ్లీ చూపించింది, దానికి ఇంకో తేదీ, సంతకం. ప్రతి పిల్లకూ ఇట్లా గీస్తారా మేడమ్ అంటే నవ్వి, “అందరికీ ఎక్కడైతదమ్మా, ఇదే తప్పు చేసినోళ్లను ముందు బెంచీల కూర్చోబెట్టి బోర్డు మీద ఒక్కసారి గీస్త, మిగతాది వాళ్లే గీసుకుంటరు” అన్నారు. నలభై మందికి పైగా పిల్లలున్న గదిలో ఇది జరుగుతోంది. 35 నిబంధన మంచిదే, ఉండాల్సిందే. కానీ అంకె ఒక్కటే చూసి బడిని కొట్టేయకూడదని అక్కడ అర్థమైంది.

టాయిలెట్ల దగ్గరికి నేను ప్రతి బడిలోనూ పోయా, ఎవరేమనుకున్నా సరే. ఆరో తరగతి అంటే ఆడపిల్లలకు నెలసరి మొదలయ్యే వయసు, రోజంతా నీళ్లు తాగకుండా ఉండి ఇంటికొచ్చి పరుగెత్తే పిల్లలను మా గల్లీలోనే చూశా. తలుపుకు లోపల గడియ పడుతుందా, నల్లా తిప్పితే నీళ్లొస్తాయా, మగ్గు ఉందా, చెత్తడబ్బా ఉందా, అంతే చూడాల్సింది. యూడైస్‌లో నాలుగు బడులకూ ‘పనిచేస్తున్నవి’ అనే ఉంది. పెద్ద బడిలో కొత్తగా టైల్స్ వేసిన టాయిలెట్లకు తాళం వేసి ఉంది, తాళంచెవి ఆఫీస్‌లో. గర్ల్స్ హైస్కూల్‌లో టైల్స్ లేవు, గడియ ఉంది, నీళ్లున్నాయి, కడగడానికి పొద్దునా మధ్యాహ్నం ఒక అమ్మ వస్తుంది, ఆమెకు జీతం సరిగా రాని నెలల్లో టీచర్లే తలా కొంత వేసుకుని ఇస్తారట.

భోజనం గురించి ఎక్కువ రాయను, మా వైపు బడులకు పెద్ద వంటశాలల నుంచి డబ్బాల్లో వస్తుంది కాబట్టి వాటి మధ్య తేడా పెద్దగా లేదు. ఆరు నుంచి ఎనిమిది వాళ్లకు రోజుకు 150 గ్రాముల బియ్యం లెక్క, ప్రైమరీలో 100. గుడ్డు ఇచ్చే రోజు పోతే పిల్లల ముఖాల్లోనే తెలిసిపోతుంది.

హెచ్‌ఎంలను నేను అడిగిన వాటిలో బాగా పనికొచ్చిన ప్రశ్న ఒకటుంది. మీ ఎనిమిదో తరగతి పిల్లలు ఎన్‌ఎంఎంఎస్ రాస్తారా, ఎంతమంది రాస్తారు, ఎవరు తయారుచేస్తారు అని. సర్కారు, ఎయిడెడ్ బడుల్లో చదివే పిల్లలకే ఉండే స్కాలర్‌షిప్ పరీక్ష ఇది. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షల లోపు ఉండాలి, ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ అయ్యేదాకా ఏడాదికి 12,000 రూపాయలు. డబ్బు సంగతి అటుంచితే, ఇది పదో తరగతి రిజల్ట్‌లో లెక్కకు రాదు, రాయించలేదని ఎవరూ పెద్దగా అడగరు. అయినా ఒక బడి పట్టుబట్టి రాయిస్తోందంటే, చిన్న తరగతులను పట్టించుకునే మనిషి ఎవరో అక్కడ ఉన్నట్టే. ఇన్‌ఛార్జి సార్ “చెప్తం, ఇష్టమున్నోళ్లు రాస్తరు” అన్నారు. పెద్ద బడి మేడమ్ ఫైలు వెతికించారు. గర్ల్స్ హైస్కూల్‌లో హెచ్‌ఎం వేళ్ల మీద పేర్లు చెప్పారు, సోషల్ మేడమ్ పొద్దున ప్రేయర్‌కు ముందు కూర్చోబెడతారట.

హిందీ ఎవరు చెప్తారు అన్నప్పుడు మాత్రం ఆ హెచ్‌ఎం కాసేపు ఆగి, పోస్టు ఖాళీ అన్నారు.

ఇంక ఇంట్లో రెండు రోజులు గొడవ. మా ఆయనకు పెద్ద బడి, అత్తమ్మకు నడిచి పోయే బడి, నాకు గర్ల్స్ హైస్కూలు. దూరం గురించి అత్తమ్మ భయం ఉత్తదేం కాదు, పొద్దున ఎనిమిది గంటల బస్సు ఎక్కినవాళ్లకు తెలుసు. 2023 డిసెంబర్‌లో మహాలక్ష్మి పథకం వచ్చాక ఆడవాళ్లకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు, ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు, పాపకు ఛార్జీ దండగ లేదు. కానీ ఫ్రీ అయ్యాక రద్దీ కూడా అంతే పెరిగింది. శాంపిల్స్ అక్క కూతురు, వాళ్ల వీధి పిల్లలు ఇద్దరు అదే బస్సుకు పోతారని తెలిశాక అత్తమ్మ మెత్తబడింది. మా ఆయనకు రెండు నోట్‌బుక్కుల ఫోటోలు ఫోన్‌లో చూపించా, 3/7 మీద టిక్కు ఉన్నదీ, 12 గళ్లు గీసి ఉన్నదీ. ఆయన ఇంటర్‌లో లెక్కలు తప్పిన మనిషే, అయినా మొదటిది చూసి “గిదేంది” అన్నాడు. పాపను అడిగితే, స్నేహితులు పోతారని ఒక సాయంత్రం ఏడ్చింది, తర్వాత ఆ బడిలో ఖోఖో కోర్టు చూసొచ్చి ఊరుకుంది.

చేర్చడం తేలికే గానీ టీసీ దగ్గర తిప్పలు పడ్డాం. ఏప్రిల్‌లోనే ప్రైమరీ హెచ్‌ఎంకు చెప్పా, ఆమె సరే అన్నారు, కానీ లిస్టు అప్పటికే పక్క హైస్కూల్‌కి పోయింది. జూన్ మొదట్లో బడిబాటలో ఆ బడి టీచర్లు ఇంటికే వచ్చారు, “మీ పాప పేరు మా దగ్గర ఎక్కేసిందమ్మా, మళ్లీ ఎందుకు అంత దూరం” అని. వాళ్ల బాధ కూడా నిజమే, ఒక్కో పిల్ల తగ్గితే రేపు ఒక్కో పోస్టు మీదికొస్తుంది. నెమ్మదిగానే చెప్పా. విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్ ప్రకారం సర్కారు బడి నుంచి ఇంకో సర్కారు బడికి మారే హక్కు పిల్లకుంది, టీసీ వెంటనే ఇవ్వాలి, టీసీ ఆలస్యమైందని కొత్త బడివాళ్లు చేర్చుకోకుండా ఉండకూడదు. ఇది తెలిసి ఉండటం వల్ల గొంతు పెంచాల్సిన పని పడలేదు. గర్ల్స్ హైస్కూల్ హెచ్‌ఎం టీసీ లేకుండానే 12న బడి తెరిచిన రోజు కూర్చోబెట్టుకున్నారు.

అసలు చిక్కు ఆన్‌లైన్‌లో వచ్చింది. ప్రతి పిల్లకూ యూడైస్‌లో ఒక పెన్ (పర్మనెంట్ ఎడ్యుకేషన్ నంబర్) ఉంటుంది, పాత బడి లాగిన్ నుంచి వదిలితే తప్ప కొత్త బడివాళ్లు లాక్కోలేరు. మా పాప పేరును పక్క హైస్కూలు అప్పటికే తీసుకుంది కాబట్టి ఇప్పుడు వదలాల్సింది ప్రైమరీ కాదు, పాప ఒక్క రోజు కూడా కూర్చోని ఆ హైస్కూలు. సర్వర్ డౌన్ అన్నారు, ఆపరేటర్ సెలవు అన్నారు, ఇన్‌ఛార్జి సార్ ట్రైనింగ్‌కు పోయారన్నారు. మీరు బడి మార్చాలనుకుంటే, ప్రైమరీవాళ్లు ఐదో తరగతి పిల్లల పేర్లు ఆన్‌లైన్‌లో కదిలించక ముందే, నోటి మాటగా కాకుండా కాగితం మీద రాసిచ్చి, దాని జిరాక్స్ మీద సంతకం తీసుకోండి. పెన్ నంబర్ కూడా అప్పుడే రాయించుకోండి. ఆధార్‌లో పేరు, బడి రికార్డులో పేరు ఒకటే ఉన్నాయో లేదో కూడా చూసుకోండి, మాకు ఇంటిపేరు ఒకచోట పొట్టిగా ఒకచోట పొడుగ్గా ఉండి ఇంకో వారం పోయింది.

చేరాక సంగతులు కొంచెం. పుస్తకాలు ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు, 2022-23లో ఇంగ్లిష్ మీడియం పెట్టినప్పటి నుంచి ఇట్లాగే వస్తున్నాయి. మొదటి నెల పాప తెలుగు పేజీయే చదివింది, సైన్స్ మేడమ్ మాత్రం తెలుగు పేజీ చదివి ఇంగ్లిష్ పేజీలో అదే వాక్యం వేలితో చూపించమంటారట, ఇప్పుడు అలవాటైంది. లెక్కల మేడమ్ ఇంకా అక్కడే ఉన్నారు. బస్సులో ఒకసారి చెప్పు తెగింది, ఒకసారి టిఫిన్ డబ్బా పోయింది. బెంచీకి నలుగురు అలాగే ఉన్నారు.

హిందీకి జూన్ నుంచి ఎవరూ రాలేదు. ఆ పీరియడ్‌లో పిల్లలు మిగతా సబ్జెక్టుల హోంవర్క్ చేసుకుంటున్నారని పాప చెప్తే స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ మీటింగ్‌కి పోయా. ఆ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు, చట్టంలో రాసుంది, మా మీటింగ్‌లో మాత్రం వచ్చినవాళ్లను పిలిచి సంతకాలు పెట్టించే పరిస్థితి. అందరం కలిసి హిందీ టీచర్ కావాలని ఒక అర్జీ రాసి డిప్యూటీ ఐఓఎస్ (డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ ఆఫ్ స్కూల్స్) ఆఫీస్‌లో ఇచ్చాం. దసరా సెలవుల తర్వాత వేరే బడి నుంచి వారానికి మూడు రోజులు ఒక మేడమ్‌ను పంపుతున్నారు. మిగతా మూడు రోజులు ఆ పీరియడ్‌లో ఏం చేయిస్తున్నారో అడగడానికి వచ్చే మీటింగ్‌కు మళ్లీ పోవాలి, ఈసారి శాంపిల్స్ అక్కను కూడా తీసుకుపోతా.